భయానక చిత్రాలు – ఎవరికి భయపడాలి?

దెయ్యాల సినిమా అనగానే మన పెద్దలు మొహం చిట్లిస్తారు. "చదువుకునే పిల్లలు చూడవలసిన బొమ్మలా అవి?" అంటారు. అన్నవాళ్ళు కూడా ఒకప్పుడు అమ్మమ్మ పక్కలో పడుకుని కొరివిదెయ్యం కథ చెప్పమని మారాం చేసినవాళ్ళే. కథ అయిపోయాక దుప్పటి ముసుగు తన్ని, పెరట్లోకి వెళ్ళవలసి వస్తే ఎవరినో ఒకరిని తోడు లేపినవాళ్ళే. భయమంటే మనిషికి భయమూ వుంది, సరదా కూడా వుంది. ఈ సంగతి సినిమా పుట్టకముందే మనవాళ్ళకి తెలుసు.

భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది రసాలు చెప్పాడు. వాటిలో భయానకం ఒకటి, బీభత్సం వేరొకటి. భయానకానికి స్థాయీభావం భయం, బీభత్సానికి జుగుప్స. రెండూ ఇరుగుపొరుగు ఇళ్ళేగాని ఒకే ఇల్లు కాదు. నెత్తురు, పేగులు, కుళ్ళిన శవం చూస్తే కలిగేది జుగుప్స. అర్ధరాత్రి గాలి లేకుండా తలుపు తెరుచుకుంటే కలిగేది భయం. ఈ తేడా తెలియక ఈనాడు చాలామంది బకెట్లకొద్దీ ఎర్రరంగు ఒలకబోసి భయానక చిత్రం తీశామనుకుంటున్నారు. భరతుడు ఒక్కొక్క రసానికి ఒక్కొక్క రంగు కూడా చెప్పాడు. భయానకానికి ఆయన ఇచ్చిన రంగు నలుపు. లోకంలో గొప్ప భయానక చిత్రాలనిపించుకున్నవాటిలో చాలా భాగం నలుపు తెలుపు చిత్రాలే కావడం చూస్తే ఆ ముని మాట గుర్తుకు రాక మానదు.

1920కీ 1968కీ మధ్య వచ్చిన కొన్ని అటువంటి చిత్రాల గురించి ఇక్కడ ముచ్చటించదలిచాను. అవి మనల్ని ఎట్లా భయపెడతాయి, చివరికి ఎవరిని చూసి భయపడమంటాయి అన్నవి నా రెండు ప్రశ్నలు. నేను సినిమా పండితుణ్ణి కాను. భౌతికశాస్త్రం చదువుకుంటున్న రైతుబిడ్డను. హాస్టలు గదిలో మిత్రుడి లాప్‌టాప్ ముందు నలుగురం ఒకే మంచం మీద కూర్చుని చూసిన చూపే నాకున్న అర్హత.

గోడమీద గీసిన నీడలు

మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిపోయి, లక్షల మంది పిల్లల్ని మట్టిలో పెట్టిన దేశం జర్మనీ. అక్కడ 1920లో రాబర్ట్ వీనె దర్శకత్వంలో 'ది కాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి' అనే మూకీ చిత్రం వచ్చింది. ఒక జాతరలో కాలిగరి అనే వాడు ఒక యువకుణ్ణి పెట్టెలో పడుకోబెట్టి ఆడిస్తుంటాడు. ఆ యువకుడు నిద్రలో నడిచేవాడు. యజమాని ఆజ్ఞాపిస్తే నిద్రలోనే వెళ్ళి హత్యలు చేస్తాడు. ఈ చిత్రంలో ఇళ్ళు నిటారుగా వుండవు, కిటికీలు చతురస్రంగా వుండవు, వీధులు వంకరలు తిరుగుతాయి. విచిత్రమేమంటే, వెలుగునీడల్ని కూడా చాలాచోట్ల కుంచెతో గోడలమీద, నేలమీద గీసిపెట్టారు. ఆ వూరు చూస్తుంటే జ్వరంలో వచ్చే కలలాగుంటుంది. కథను రాసిన హాన్స్ యానోవిట్స్, కార్ల్ మాయర్ ఇద్దరూ యుద్ధకాలపు మనుషులే. పైవాడు చెప్పినందుకు నిద్రలో నడుస్తూ చంపేవాడంటే ఆనాటి జర్మన్ ప్రేక్షకుడికి ఎవరు గుర్తుకొచ్చి వుంటారో మనం వూహించుకోవచ్చు.

రెండేళ్ళకు, 1922లో, ముర్నావ్ తీసిన 'నోస్ఫెరాటు' వచ్చింది. బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన 'డ్రాకులా' నవలను హక్కులు కొనకుండా, పేర్లు మార్చి తీసిన చిత్రమది. స్టోకర్ భార్య కోర్టుకెక్కింది. 1925లో ప్రతులన్నీ తగలబెట్టమని తీర్పు వచ్చింది. కాని కొన్ని ప్రతులు ఎక్కడెక్కడో మిగిలిపోయాయి. చచ్చినా చావని పిశాచం కథ తీసిన ఫిల్ము తానే చచ్చినా చావకపోవడం వింతగాదూ! ఇంకొక విశేషం. రక్తపిశాచి సూర్యకాంతి తగిలితే నశిస్తుందని మనమంతా పురాణకాలపు నమ్మకమన్నట్టు చెప్పుకుంటాం. స్టోకర్ నవలలో డ్రాకులా పగలు కూడా తిరుగుతాడు. ఎండకు పొగై మాయమవడం ఈ చిత్రంతో లోకానికి అలవాటైన సంగతి.

'నోస్ఫెరాటు'లో అందరూ చెప్పుకునే దృశ్యం ఒకటుంది. పిశాచి మేడమెట్లెక్కి వస్తుంటాడు. మనకు కనబడేది మనిషి కాదు, గోడమీద అతని నీడ. వంగిన వీపు, చాచిన పొడుగాటి వేళ్ళు, అంతే. గదిలో వున్న స్త్రీ గుండెను పట్టుకునేది కూడా ఆ చెయ్యి కాదు, చేతి నీడ. నూరేళ్ళు దాటిన ఈ బొమ్మ చూసి మా గదిలో ఒకడు లేచి లైటు వేశాడు. అతను ఆ ముందువారమే వచ్చిన కొత్త రంగుల దెయ్యం సినిమాను వేరుశనక్కాయలు తింటూ చూసినవాడు.

కంటి సంగతి

నీడకింత బలం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇందుకు సమాధానం కొంత మన కంటిలోనే వుంది.

నా చిన్నప్పుడు మా వైపు పొలం మోటార్లకు కరెంటు రాత్రిపూట ఇచ్చేవారు. నాన్న వెనకాల టార్చి పట్టుకుని గట్టుమీద నడిచేవాణ్ణి. నాన్న కర్రతో నేల తడుతూ నడిచేవాడు. ఆయన భయమంతా పాముల గురించి. నా భయం చెరువుకట్ట మీది చింతచెట్టు గురించి. అక్కడికి రాగానే పక్కన ఎవరో నిలబడినట్టుండేది. తలతిప్పి చూస్తే ఎవరూ వుండరు. "దెయ్యాలు అంతేరా, సూటిగా చూస్తే మాయమౌతాయి" అనేది మా నాయనమ్మ.

నాయనమ్మ మాటలో సగం శాస్త్రసమ్మతమని కాలేజీ గ్రంథాలయంలో తెలిసింది. మన రెటీనాలో రెండు రకాల కణాలున్నాయి. శంకువులు సుమారు అరవై లక్షలు. ఇవి వెలుగులో పనిచేస్తాయి, రంగులు పోల్చుకుంటాయి. దండాలు సుమారు పన్నెండు కోట్లు. ఇవి చీకట్లో పనిచేస్తాయి, రంగులు తెలియవు. వెలుగులోంచి చీకట్లోకి వచ్చాక ఈ దండాలు పూర్తిగా పనిలోకి దిగడానికి అరగంట దాకా పడుతుంది. రెటీనా నడిమధ్యన, మనం సూటిగా చూసేటప్పుడు వాడే చోట, దండాలు లేవు. అంటే చీకట్లో ఓరచూపుకు కనబడిన మసక ఆకారం సూటిగా చూడగానే కనబడకుండా పోతుంది! నమ్మకం లేనివారు అమావాస్య రాత్రి డాబా ఎక్కి అతిమసకగా వున్న నక్షత్రాన్ని సూటిగా చూడండి, మాయమౌతుంది. పక్కకు చూడండి, తిరిగి వస్తుంది. నక్షత్రం దెయ్యం కాదు గదా.

కన్ను సగం చూపించి వదిలేస్తే తక్కిన సగం మెదడు పూరిస్తుంది. పూరించేటప్పుడు అది జాగ్రత్తపరుడైన కాపలాదారులా, చెట్టుమోడును దొంగగా లెక్కకడుతుంది. మోడును దొంగనుకుంటే పోయేదేమీ లేదు. దొంగను మోడనుకుంటే ప్రమాదం. నలుపు తెలుపు చిత్రాల దర్శకులు ఈ కాపలాదారుణ్ణే పనిలో పెట్టుకున్నారు. తెరమీద సగం చీకటి పెట్టి, ఆ చీకట్లో ఏముందో మన చేతే రాయించారు. ఎవడి భయం వాడికి బాగా తెలుసు కాబట్టి ఎవడి దెయ్యాన్ని వాడే చక్కగా రాసుకుంటాడు.

1931: కోరలు లేని డ్రాకులా, పేరు లేని మృగం

మాటలు నేర్చిన సినిమాకు 1931 భయానక నామ సంవత్సరం. అమెరికాలో యూనివర్సల్ సంస్థ ఆ ఫిబ్రవరిలో టాడ్ బ్రౌనింగ్ దర్శకత్వంలో 'డ్రాకులా', నవంబరులో జేమ్స్ వేల్ దర్శకత్వంలో 'ఫ్రాంకెన్‌స్టైన్' విడుదల చేసింది. డ్రాకులా వేషం కట్టినవాడు హంగరీ నుంచి వచ్చిన బెలా లుగోసీ. ఇంగ్లీషును నమిలి నమిలి, పదానికీ పదానికీ మధ్య ఆగి పలుకుతాడు. ఆ ఆగడంలోనే వుంది భయమంతా. మనం డ్రాకులా అంటే రెండు కోరలు గీస్తాం గాని, ఆ చిత్రంలో లుగోసీ కోరలు ఒక్కసారి కూడా చూపించడు. కళ్ళమీద సన్నటి వెలుగు పడుతుంది, అంతే. చిత్రం నడిచినంతసేపూ నేపథ్య సంగీతం దాదాపు లేదు. నిశ్శబ్దం ఎంత బరువుగా వుంటుందో తెలుసుకోవాలంటే ఈ చిత్రాన్ని ఒంటరిగా చూడాలి.

'ఫ్రాంకెన్‌స్టైన్' సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే సైన్సు విద్యార్థులమైన మనకు ఆ కథతో చుట్టరికముంది. 1815లో ఇండొనేషియాలో తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ ధూళి ఆకాశాన్ని కప్పేసి మరుసటి ఏడు యూరపులో వేసవి రాలేదు. వానలు, చలి, పంటలు పోయాయి, ధాన్యం ధరలు మండిపోయాయి. ఆ 1816లో స్విట్జర్లండులో ఒక సరస్సు ఒడ్డున, వాన వల్ల బయటికి పోలేక, కవి బైరన్ తన అతిథులతో తలా ఒక దెయ్యం కథ రాద్దామన్నాడు. వారిలో మేరీ అనే పద్దెనిమిదేళ్ళ పిల్ల మొదలుపెట్టిన కథే 1818లో అచ్చయిన 'ఫ్రాంకెన్‌స్టైన్'. మనకన్నా రెండేళ్ళు చిన్న వయసులో, అకాల వర్షాల మధ్య, ఒక అమ్మాయి లోకానికంతకూ సరిపడే భయాన్ని తయారుచేసింది!

అప్పటికి గాల్వానీ ప్రయోగాలు ప్రసిద్ధం. కరెంటు తగిలిస్తే చచ్చిన కప్ప కాలు తన్నుకోవడం మనం కూడా చదువుకున్నాం. ఆయన మేనల్లుడు ఆల్డీనీ 1803లో లండనులో, ఉరితీసిన ఒక ఖైదీ శవానికి విద్యుత్తు తగిలించి దవడ కదిలించి, కన్ను తెరిపించి చూపించాడు. శవానికి ప్రాణం పోయవచ్చునన్న వూహ గాలిలో వున్న రోజులవి. నవలలో మేరీ షెల్లీ ఆ పద్ధతిని వివరించకుండా సూచనగా వదిలేసింది. చిత్రంలో మాత్రం పిడుగులు, మెరుపులు, నిప్పురవ్వలు చిమ్మే యంత్రాలు. వీటిని తయారుచేసినవాడు కెన్నెత్ స్ట్రిక్‌ఫాడెన్ అనే విద్యుత్ నిపుణుడు. ఆయన సామాను ఎంత గట్టిదంటే, 1974లో మెల్ బ్రూక్స్ ఈ కథను హాస్యంగా తీసినప్పుడు కూడా ఆ పాత యంత్రాలే తెచ్చి వాడుకున్నాడు.

చాలామంది ఫ్రాంకెన్‌స్టైన్ అంటే ఆ రాక్షసుడి పేరనుకుంటారు. కాదు, అది వాణ్ణి చేసిన శాస్త్రవేత్త పేరు. రాక్షసుడికి పేరే పెట్టలేదు. సినిమా మొదట్లో నటుల జాబితాలో కూడా ఆ వేషానికి ఎదురుగా ప్రశ్నార్థకం మాత్రమే వేశారు. ఆ ప్రశ్నార్థకం వెనకున్న మనిషి బోరిస్ కార్లాఫ్. అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. ఆయన తండ్రి బ్రిటిష్ ఇండియాలో ఉప్పుపన్ను శాఖలో పనిచేశాడు, ఆ కుటుంబంలో భారతీయ రక్తం కూడా వుంది. కార్లాఫ్ ఒక్క మాట లేకుండా, బరువైన బూట్లలో, రంగులు పులిమిన మొహంతో నటించాడు. వాడు మొదటిసారి వెలుగు చూసినప్పుడు పైకప్పులోంచి పడే కిరణాన్ని పట్టుకోవాలని రెండు చేతులూ చాస్తాడు. చేసినవాడు ఆ కిటికీ మూసేస్తాడు. పురిటిబిడ్డకు వెలుగు చూపించి తలుపేసినట్టుంటుంది.

ఆ తరువాత చెరువు గట్టున దృశ్యం. ఒక చిన్నపిల్ల వాణ్ణి చూసి భయపడదు. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంటుంది. ఇద్దరూ పువ్వులు నీళ్ళలో వేసి తేలుతుంటే చూస్తారు. పువ్వులు అయిపోతాయి. పిల్ల కూడా పువ్వులాగే తేలుతుందనుకుని వాడు ఆమెను నీళ్ళలో వేస్తాడు. మునిగిపోగానే బెంబేలెత్తి పారిపోతాడు. సెన్సారువాళ్ళు ఈ దృశ్యం ఘోరమని, వాడు పిల్లవైపు చేతులు చాచే దగ్గర కత్తిరించారు. ఫలితమేమైంది? తరువాతి దృశ్యంలో తండ్రి పిల్ల శవాన్ని మోసుకుని వస్తాడు. మధ్యలో ఏం జరిగిందో ప్రేక్షకుడు తన మనసులోని బురదంతా పోసి వూహించుకున్నాడు. వున్నది తెలియని తప్పు, కత్తెర పడ్డాక అది నేరమై కూర్చుంది. ఆ ముక్క తిరిగి చిత్రంలో చేరింది 1980ల్లోనే. అంటే యాభై ఏళ్ళపాటు ఒక అమాయకుడి మీద చెయ్యని నేరం మోపి చూశారన్నమాట.

చివరికి వూరుఊరంతా కాగడాలు పట్టుకుని, కుక్కల్ని వదిలి వాణ్ణి తరుముతుంది. గాలిమరలో చిక్కించుకుని నిప్పుపెడుతుంది. లోపల వాడు కేకలు పెడుతుంటాడు. ఇక్కడ నాకు నిజంగా వెన్నులో చలి పుట్టింది. అయితే అది ఆ మృగాన్ని చూసి కాదు, కాగడాలు పట్టుకున్న మంచివాళ్ళను చూసి. గుర్తు చేసుకుంటే 'నోస్ఫెరాటు'లోనూ ఇంతే. వూళ్ళో మహమ్మారి ప్రబలుతుంది. పిశాచి హాయిగా తన ఇంట్లో వుంటే, జనం మాత్రం ఒక పిచ్చివాడి వెంటపడి రాళ్ళు రువ్వుతూ వీధులెంట తరుముతారు.

బస్సు వచ్చి ఆగింది

డబ్బు లేకపోవడం కూడా ఒక్కొక్కప్పుడు మేలు చేస్తుందనడానికి వాల్ ల్యూటన్ ఉదాహరణ. ఆర్.కె.ఓ. సంస్థ ఆయనకు చిన్న బడ్జెట్టు, ముందే తయారుచేసిన పేరు చేతికిచ్చి భయానక చిత్రాలు తీయమంది. అట్లా 1942లో జాక్ టూర్నర్ దర్శకత్వంలో వచ్చినదే 'కాట్ పీపుల్'. కోపం వస్తే, ప్రేమ పుడితే తాను చిరుతగా మారిపోతానని భయపడే ఒక యువతి కథ అది. చిరుతను చూపించకుండానే చిత్రం నడపాలని ల్యూటన్ పట్టుదల. కొద్దిగానైనా చూపించవలసిందేనని స్టూడియో పట్టుబట్టింది. చూపించిన ఆ కాస్త ఎవరికీ గుర్తుండదు.

గుర్తుండేది రాత్రి వీధి. ఒక స్త్రీ ఒంటరిగా నడుస్తుంటుంది. వెనక ఇంకొక జత చెప్పుల చప్పుడు. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోతుంది. ఆమె ఆగుతుంది, వెనక్కి చూస్తుంది. ఎవరూ లేరు. మన ఊపిరి బిగుస్తుంది. అంతలో పక్కనుంచి బుస్సుమని పెద్ద శబ్దం! చూస్తే ఏముంది, బస్సు వచ్చి బ్రేకు వేసి ఆగింది. తరువాత వచ్చిన భయానక చిత్రాల్లో పిల్లి దూకడం, తలుపు కొట్టుకోవడం అంతా ఈ బస్సు సంతానమే. ఈ కిటుకును సినిమావాళ్ళు నేటికీ 'ల్యూటన్ బస్సు' అనే పిలుస్తారు. ఈ కాలపు చిత్రాలకూ దీనికీ తేడా ఒకటుంది. ల్యూటన్ ముందు నిశ్శబ్దాన్ని కూడబెట్టి తరువాత శబ్దాన్ని ఖర్చుపెట్టాడు. ఇప్పటివాళ్ళు కూడబెట్టకుండానే ఖర్చు చేస్తున్నారు.

దెయ్యం లేని దెయ్యం సినిమా

హిచ్‌కాక్ 1960లో తీసిన 'సైకో'తో పిశాచాలకు పని తప్పిపోయింది. ఇక్కడ కోటలు లేవు, గబ్బిలాలు లేవు. రోడ్డు పక్క ఒక చిన్న లాడ్జీ, దాన్ని నడిపే మర్యాదస్తుడైన కుర్రాడు. అప్పటికి రంగులు మామూలైపోయినా హిచ్‌కాక్ కావాలని నలుపు తెలుపులోనే తీశాడు. స్నానాలగదిలో హత్య జరిగే ఆ ప్రసిద్ధ దృశ్యం ముప్పావు నిమిషం. కాలువలో కలిసేది నెత్తురు కాదు, చాక్లెట్ పాకం. కత్తి ఒంట్లో దిగడం చూశామని అందరం ప్రమాణం చేస్తాం. నిదానంగా చూస్తే కత్తి వేరు, ఒళ్ళు వేరు, నీళ్ళు వేరు. అతుకు పెట్టుకున్నది మనం.

ఆ దృశ్యానికి మొదట సంగీతమే వద్దనుకున్నాడట హిచ్‌కాక్. బెర్నార్డ్ హెర్మన్ వినలేదు. వయొలిన్ల జాతి వాద్యాలతోనే ఆ చిత్రం మొత్తానికి సంగీతం కట్టాడు. హత్య దగ్గర ఆ తీగల మీద కమాను కీచుకీచుమని గీసి వదులుతుంది. ప్రాణభయంతో జంతువు అరిచే అరుపులో ఇటువంటి గరుకుదనమే వుంటుంది. పాము నోట చిక్కిన కప్ప అరుపు, కుక్కలకు దొరికిన మేకపిల్ల అరుపు విన్నవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఆ శబ్దం చెవిలో పడగానే ఆలోచనకన్నా ముందు ఒళ్ళు లేస్తుంది.

ఒళ్ళు అట్లా లేవడంలో ముఖ్యపాత్ర మెదడు లోపల బాదంగింజంత వుండే అమిగ్డలాది. జబ్బు వల్ల రెండు వైపులా ఆ భాగం దెబ్బతిన్న ఒక స్త్రీని అమెరికా శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి పరిశీలించి 2011లో వివరాలు ప్రకటించారు. పాములు పట్టుకోమంటే పట్టుకుంది. భయానక చిత్రాల ముక్కలు వేసి చూపిస్తే ఆసక్తిగా చూసిందే గాని భయపడలేదు. అదృష్టవంతురాలనుకోకండి. భయం తెలియక ఆమె బతుకులో ఎన్నోసార్లు ప్రాణాపాయంలో చిక్కుకుంది. భయం లేని మనిషి వీరుడు కాడు, తలుపుల్లేని ఇల్లు. కాబట్టి భయం వుండాలి. అది ఎవరిమీదికి తిరుగుతున్నదన్నదే ప్రశ్న.

తెల్లవారాక జరిగిన హత్య

ఈ ప్రశ్నను మొహాన కొట్టినట్టు అడిగిన చిత్రం 1968లో జార్జ్ రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'. పిట్స్‌బర్గ్ ప్రాంతంలో కొందరు యువకులు చందాలు వేసుకున్నట్టు డబ్బు పోగుచేసి తీసిన బొమ్మ. చివరి నిమిషంలో పేరు మార్చినప్పుడు కొత్త టైటిలు మీద కాపీరైటు ప్రకటన వేయడం మరిచిపోయారు. దాంతో అది ఎవరైనా వేసుకోదగిన సొత్తయిపోయింది. తీసినవాళ్ళకు దక్కవలసిన డబ్బు దక్కలేదు గాని, లోకమంతా చూసింది.

శవాలు లేచి తిరుగుతుంటాయి. ఒక పల్లెటూరి ఇంట్లో ఏడుగురు తలుపులు బిగించుకుంటారు. వారిలో నిబ్బరంగా ఆలోచించేవాడు బెన్. ఆ పాత్ర వేసిన డ్యుయేన్ జోన్స్ నల్లజాతి నటుడు. మార్టిన్ లూథర్ కింగును కాల్చి చంపింది ఆ ఏటి ఏప్రిల్‌లోనే. రాత్రంతా శవాలతో పోరాడి, అందరూ చనిపోయాక ఒక్కడే మిగిలిన బెన్ తెల్లవారగానే కిటికీ దగ్గరికి వస్తాడు. బయట తుపాకులతో పోలీసులు, వాళ్ళ వెంట వచ్చిన జనం. రక్షించేవాళ్ళు వచ్చారనుకుంటాం. వాళ్ళు దూరం నుంచే వాణ్ణి కూడా లేచిన శవమనుకుని కాల్చేస్తారు. తక్కిన శవాలతో కలిపి మంటలో వేస్తారు. అక్కడితో సరి. రాత్రి చీకట్లో బతికిన మనిషిని పగటి వెలుగులో మనుషులు చంపారు.

ఇదంతా ఎక్కడో పరాయిదేశపు కథ అని తోసెయ్యలేను. మా వూరి చివర ఒక ముసలామె ఒంటరిగా వుండేది. నేను ఎనిమిదో తరగతిలో వుండగా ఒక వానాకాలంలో వారం తిరక్కుండా వూళ్ళో నాలుగు గేదెలు చచ్చాయి. సాయంత్రం మేత మానేయడం, గొంతు వాచి గురక పెట్టడం, తెల్లారేసరికి కట్టుకొయ్య దగ్గర పడివుండటం. గేదె అంటే రైతు ఇంట్లో ఒక మనిషి సంపాదన. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, చేతబడి అన్నారు. కొన్ని చోట్ల దీన్ని బాణామతి అంటారు, కొన్ని చోట్ల చిల్లంగి అంటారు. పేరేదైనా వేలు చూపించేది ఒంటరివాళ్ళ మీదికే. ఒక రాత్రి పదిహేనుమంది టార్చీలు పట్టుకుని ఆ గుడిసె మీదికి బయల్దేరారు. అందరూ మాకు తెలిసినవాళ్ళే. పండక్కి మా ఇంట్లో భోజనం చేసినవాళ్ళే. మా నాయనమ్మ వాళ్ళకంటే ముందు వెళ్ళి గుడిసె గడపలో కూర్చుంది. "రండిరా, ముందు నన్నడగండి" అంది. కాసేపు అరిచి వెనక్కి తిరిగారు.

మర్నాడు పశువుల డాక్టరు వచ్చి చూసి గొంతువాపు అన్నారు. వానాకాలంలో గేదెలకు బాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. వానలకు ముందే టీకా వేయిస్తే రాదు. మిగిలిన గొడ్లన్నిటికీ టీకాలు వేశారు, చావులు ఆగిపోయాయి. ముసలామె మాత్రం ఆ నెలలోనే వూరు విడిచి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. గుడిసె కూలిపోయింది. "ఆమె పోయింది కాబట్టే ఆగాయి" అనేవాళ్ళు నేటికీ మా వూళ్ళో వున్నారు. చేతబడి అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు పత్రికల్లో ఇప్పటికీ చదువుతూనే వున్నాం. అందుకే గాలిమర తగలబడే దృశ్యం నాకు వినోదంగా కనిపించదు.

మన తెలుగు చిత్రాల్లో రాక్షసులకు ఇంత కష్టం లేదు. 'మాయాబజార్'(1957) ఘటోత్కచుణ్ణి చూసి ఎవరు భయపడ్డారు? ఎస్.వి. రంగారావు నవ్వితే పిల్లలు కూడా నవ్వారు. భయాన్నే నమ్ముకుని, పాటల సందడి లేకుండా తీసిన చిత్రాలు మనకు తక్కువ. 1992లో రాంగోపాల్ వర్మ తీసిన 'రాత్రి' అటువంటి అరుదైన ప్రయత్నం. నిశ్శబ్దాన్ని నమ్మే దర్శకులు మనకు ఇంకా రావలసి వుంది. మన పల్లెల్లో చీకటికి కొరత లేదు, కథలకూ కొరత లేదు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా నాయనమ్మకు 'ఫ్రాంకెన్‌స్టైన్' చూపించాను. ఇంగ్లీషు రాదు కాబట్టి పక్కన కూర్చుని చెబుతూ వచ్చాను. చాలావరకు చెప్పవలసిన అవసరమే రాలేదు. గాలిమర కాలిపోతుంటే, "వాడికి మొదట్లోనే ఎవరన్నా ఇంత ముద్ద పెట్టివుంటే సరిపోయేదిరా" అంది. రౌద్రం నుంచి కరుణ పుడుతుందని భరతుడు చెప్పాడు. మంచి భయానక చిత్రంలో భయం నుంచి కూడా కరుణ పుడుతుందని నాకనిపిస్తుంది. అది పుట్టని చిత్రం ఎన్ని కేకలు పెట్టించినా గంటలో మరిచిపోతాం.

ఈ చిత్రాలు చూడదలచిన మిత్రులకు నాలుగు ముక్కలు. మొదట 'ఫ్రాంకెన్‌స్టైన్' చూడండి. గంటా పది నిమిషాల చిత్రం, ఒక పీరియడ్‌కు కాస్త ఎక్కువ. తరువాత 'కాట్ పీపుల్', ఆపైన 'సైకో'. మూకీలు అలవాటు లేనివారు 'నోస్ఫెరాటు'ను చివరికి వుంచుకోండి. ఫోనులో బస్సు ప్రయాణంలో చూడకండి. గదిలో దీపం ఆర్పి, కళ్ళకు చీకటి అలవాటయ్యే వ్యవధి ఇచ్చి, చప్పుడు సరిగా వినబడేట్టు చూడండి. కథ ముందే తెలిసినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోకండి. చూశాక వెంటనే లైటు వెయ్యకండి. ఐదు నిమిషాలు అట్లాగే కూర్చుని, ఇందులో తప్పు ఎవరిదని నలుగురూ మాట్లాడుకోండి. మా గదిలో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' మీద వాదన ఇంకా తెగలేదు.